పోకెమాన్ పిల్లలాటనే అంటున్నరు, లెక్కతోటి జవాబు చెప్పేటోళ్లు ఉన్నరా?

క్లాక్‌టవర్_నల్లగొండ

అన్నలకు, అక్కలకు నమస్తే. హాస్టల్ల పోకెమాన్ (జీవాలను పట్టి కొట్లాడిపిచ్చే వీడియో గేమ్) మాట ఎత్తితే చాలు, నలుగురు మీదికొస్తున్నరు. వాళ్లు అనేది ఏందంటే, నిప్పుకు నీళ్లు, నీళ్లకు గడ్డి, అంతకుమించి ఆలోచన ఏం లేదట. ఒకటే బటన్ నొక్కుకుంట పోతే ఆట అయిపోతదట. 1996 నుంచి అదే ఆటను పేరు మార్చి అమ్ముతున్నరట. స్కార్లెట్, వయొలెట్ అనే పోకెమాన్ ఆటలు చూస్తే పదేండ్ల కిందటి ఆట లాగ ఉన్నయట. ఇంట్ల పెద్దోళ్లది ఇంకో మాట: ఇది కోడిపందెమే గదా, జీవాలను కొట్లాడిపిచ్చుడే గదా అని.

ఆట ఆడొస్తది గని, ఎందుకు గెలుస్తున్ననో ఎందుకు ఓడుతున్ననో వివరంగ చెప్పొస్తలేదు. వీటిల ఏది నిజం, ఏది కాదు? నిజమైంది ఉంటే అది కూడ చెప్పుండ్రి, ఒప్పుకుంట.

పాలమూరు_డబుల్స్

తమ్మీ, "ఆలోచన లేదు" అనే మాటకు ఒక్క టర్న్ విప్పి చూపిస్తే చాలు. కథ నడిచేటప్పుడు ఒకటికొకటి కొట్లాట ఉంటది, వాళ్లు చూసింది అదే. పోటీలల్ల ఆడేది డబుల్స్, అంటే ఒక్కో దిక్కు రెండేసి పోకెమాన్లు. ఇద్దరూ ఆరేసి పోకెమాన్లు తెస్తరు. ఎదుటోని ఆరూ ముందే కనిపిస్తయి, 90 సెకండ్లల నీ ఆరిట్ల నాలుగు ఎంచుకోవాలె, అందుల రెండు ముందుగాల దిగుతయి. అన్నీ లెవెల్ 50 మీదనే. టర్న్‌కు 45 సెకండ్లు. ఇద్దరూ ఒకేసారి ఆజ్ఞ ఇస్తరు, ఎదుటోడు ఏం నొక్కిండో నీకు తెల్వదు. అసలు ఆట అక్కడ మొదలైతది.

ఇగ చూడు. నీ దిక్కు గార్చాంప్, ఇన్సినరోర్. ఎదుట చారిజార్డ్, విమ్సికాట్. గార్చాంప్ బేస్ స్పీడ్ (ఆ జాతికి ఉండే వేగం) 102, చారిజార్డ్‌ది 100. రెండింటికే ఏం తేడా అంటరు. లెవెల్ 50 స్పీడ్ ఇట్ల వస్తది: బేస్‌ను రెట్టింపు చెయ్యి, ఐవీ (పుట్టుకతోటి వచ్చే అంకె) 31 కలుపు, ఈవీల (పెంచుకుంట సంపాదించే పాయింట్ల) నాలుగో వంతు కలుపు (252 పెడితే 63), మొత్తం సగం చేసి 5 కలుపు. గార్చాంప్‌కు 204, 31, 63 కలిపితే 298, సగం 149, ఐదు కలిపితే 154. జాలీ నేచర్ (స్వభావం) స్పీడ్‌ను పదిశాతం పెంచుతది, 169. చారిజార్డ్‌కు అదే లెక్కల 152, టిమిడ్ నేచర్ తోటి 167. అంటే ఇద్దరూ పూర్తిగ పెంచుకున్నా గార్చాంప్‌దే ముందు దెబ్బ. ఆ రెండు పాయింట్లే చారిజార్డ్ ప్రాణం తీస్తయి.

ఎట్ల తీస్తయంటే, గార్చాంప్ రాక్ స్లైడ్ అనే రాయి మూవ్ వేస్తది. పవర్ 75, ఎదుటి ఇద్దరికీ తగుల్తది గన్క డబుల్స్‌ల దెబ్బ ముక్కాలే పడ్తది. చారిజార్డ్ నిప్పు, ఎగిరేది, రెండు టైప్‌లకూ రాయి దెబ్బ రెండింతలు, అంటే మొత్తం నాలుగింతలు. గార్చాంప్ అటాక్ 182 (ఈవీలు 252, నేచర్ సాయం లేకుంట), చారిజార్డ్ డిఫెన్స్ 98. దెబ్బ ప్రతిసారి 85 నుంచి 100 శాతం నడుమ ఎక్కడన్న పడ్తది, మొత్తం 16 మెట్లు. అన్నిటికంటే కింది మెట్టు పడ్డా 156. హెచ్‌పీల (ప్రాణం లెక్కల) ఈవీలు పెట్టని చారిజార్డ్‌కు ఉండేది 153. కచ్చితంగ పడిపోతది. రాక్ స్లైడ్ గురి 90 శాతం, ఆ పది శాతం ఒక్కటే భయం.

అదే చారిజార్డ్ ఈవీలు 252 హెచ్‌పీల పెట్టుకుని వస్తే ప్రాణం 185 అయితది. గార్చాంప్ పై మెట్టు 188, దాని కింది మెట్టు 184. అంటే 16ల ఒక్కసారే పడ్తది, 15 సార్లు బతికి తిరిగి కొడ్తది. గని హెచ్‌పీల పోసిన ఈవీలు స్పీడ్‌లకెల్లో స్పెషల్ అటాక్‌లకెల్లో తియ్యాలె, ఎందుకంటే మొత్తం 510, ఒక్కదాంట్ల 252కు మించవు. ఈ ఒక్క నిర్ణయం మ్యాచ్‌కు ముందు, ఇంట్ల కూసుని తీసుకున్నది.

ఇంక విమ్సికాట్ సంగతి రాలే. దాని ఎబిలిటీ (సహజ గుణం) ప్రాంక్‌స్టర్, అటాక్ కాని మూవ్‌లు ముందుగాల పోతయి. టెయిల్‌విండ్ వేసిందంటే వాళ్ల స్పీడ్ రెట్టింపు, చారిజార్డ్ 334. 2019ల స్వోర్డ్, షీల్డ్ వచ్చినకాంచి స్పీడ్ మార్పు అదే టర్న్‌ల లెక్కకొస్తది, కాబట్టి గార్చాంప్ 169 అక్కడికక్కడే ఎనకబడ్తది. అడ్డం పడాలంటే ఇన్సినరోర్ ఫేక్ ఔట్ విమ్సికాట్ మీద వెయ్యాలె. ఫేక్ ఔట్ ప్రయారిటీ (స్పీడ్ కంటే ముందు చూసే వరస) +3, ప్రాంక్‌స్టర్ టెయిల్‌విండ్‌ది +1, గన్క ఫేక్ ఔట్‌దే ముందు, విమ్సికాట్ ఉలిక్కిపడి ఆ టర్న్ పోగొట్టుకుంటది. గని ఫేక్ ఔట్ దిగిన మొదటి టర్న్‌లనే పనిచేస్తది.

ఇదంత ఎదుటోనికి కూడ తెలుసు. వాడు విమ్సికాట్‌కు కోవర్ట్ క్లోక్ అనే వస్తువు ఇచ్చి ఉంటే ఫేక్ ఔట్ తగిలినా ఉలికిపాటు ఉండది. విమ్సికాట్‌ను ఘోస్ట్ టైప్‌కు టెరా చేస్తే, అంటే కొట్లాటల దాని టైప్ మార్చితే, ఫేక్ ఔట్ అసలు తగలదు, గని టెరా మ్యాచ్‌కు ఒక్కసారే. లేకుంటే చారిజార్డ్‌తోటి ప్రొటెక్ట్ (ఆ టర్న్ దెబ్బలు ఆపే మూవ్) చేసి ఒక టర్న్ గడుపుతడు. వాడు ప్రొటెక్ట్ చేస్తడని నువ్వు పసిగడితే రాక్ స్లైడ్ దండుగ, అప్పుడు గార్చాంప్ తోటి విమ్సికాట్‌నే కొట్టాలె. ఎనకెనకనే రెండోసారి ప్రొటెక్ట్ నొక్కితే ఫలించే అవకాశం మూడిట్ల ఒకటి, కాబట్టి వచ్చే టర్న్ వానికి అది కూడ నమ్మకం లేదు. ఇంతా 45 సెకండ్లల. ఇది చూపించినంక కూడ నిప్పుకు నీళ్లు ఒక్కటే అంటరా, అడుగు.

బలమున్నదే గెలుస్తది అనేటోళ్లకు 2014 ప్రపంచ పోటీ చెప్పు. వాషింగ్టన్‌ల సెజున్ పార్క్ పాచిరిసు తోటి చాంపియన్ అయిండు. గార్చాంప్ బేస్ లెక్కలన్ని కలిపితే 600, పాచిరిసువి 405. అది చేసిన పని ఏందంటే, ఫాలో మీ వేసి ఎదుటోళ్ల దెబ్బలను తనదిక్కు గుంజుకునుడు. దాని ఎబిలిటీ వోల్ట్ అబ్జార్బ్, కరెంటు దెబ్బ తగిలితే హెచ్‌పీ పెరుగుతది. పక్కన గ్యారడోస్ ఉండే. గ్యారడోస్‌కు కరెంటు నాలుగింతలు తగుల్తది. ఇప్పుడు ఎదుటోడు గ్యారడోస్ మీదికి కరెంటు వదిలితే అది పాచిరిసుకు వైద్యం అయితది. ఉడుత లాగ కనిపించేదాన్ని చూసి పిల్లలాట అనుడు సులువే, ఆ ఒక్క మూవ్ ఎదుటోళ్లకు ఎన్ని దార్లు మూసిందో చూసినోళ్లు ఆ మాట అనరు.

మూసీ_ఒడ్డు

"అదే ఆట మళ్లమళ్ల అమ్ముతున్నరు" అనే దానికి నేను రాస్త. పైన కనిపించేది మారలేదు, ఒప్పుకోవాలె: ఊరు విడిచి బయల్దేరుడు, ఎనిమిది జిమ్‌ల నాయకులను ఓడగొట్టుడు, చివరికి చాంపియన్. చానా ఆటలల్ల ఇదే వరస. గని లోపలి యంత్రం ప్రతి తరంల విప్పి మళ్ల బిగించిండ్రు.

1996ల 15 టైప్‌లే. స్పెషల్ అని ఒకటే అంకె ఉండేది, కొట్టుడుకూ అదే, తట్టుకునుడుకూ అదే. దాంతోటి సైకిక్ టైప్‌ను ఆపేటోళ్లు లేకుంటపోయిండ్రు. పైనుంచి ఘోస్ట్ దెబ్బ సైకిక్‌కు అసలు తగలకుంట తప్పు ఒకటి ఆ ఆటల ఉండె. 1999ల గోల్డ్, సిల్వర్ల స్పెషల్‌ను రెండుగ చీల్చి, డార్క్, స్టీల్ టైప్‌లు తెచ్చి ఆ పొగరు దించిండ్రు. చేతికి వస్తువు ఇచ్చుడు కూడ అప్పుడే మొదలైంది. 2002ల రూబీ, సఫైర్ తోటి 25 నేచర్లు, ఎబిలిటీలు, డబుల్స్ వచ్చినయి. పైన పాలమూరు అన్న రాసిన టర్న్ 2002 ముందటి ఆటలల్ల ఆడుడే కుదరదు.

నాకు అన్నిటికంటే పెద్దది 2006. డైమండ్, పెర్ల్ దాక దెబ్బ ఫిజికలా (అటాక్ అంకె మీద నడిచేది) స్పెషలా (స్పెషల్ అటాక్ మీద నడిచేది) అనేది టైప్‌ను బట్టి ఉండె. స్నీజెల్‌ను చూడుండ్రి. అటాక్ 95, స్పెషల్ అటాక్ 35. దాని టైప్‌లు డార్క్, ఐస్. ఆ కాలంల రెండూ స్పెషల్ కిందనే లెక్క. అంటే తన సొంత టైప్ దెబ్బ ఏది వేసినా 35 మీదనే నడవాలె, 95 ఉండి లాభం లేదు. గ్యారడోస్‌దీ అదే గతి, అటాక్ 125 పెట్టుకుని నీళ్ల దెబ్బలు 60 మీద కొట్టేది. 2006ల ఏ మూవ్‌కు ఆ మూవ్ విడిగ ఫిజికల్, స్పెషల్ అని రాసిండ్రు. వాటర్‌ఫాల్ ఫిజికల్ అయింది, గ్యారడోస్ ఒక్క రోజుల వేరే పోకెమాన్ అయింది. పేరు మార్చి అమ్ముడంటే ఇది కాదు.

2013ల ఫెయిరీ టైప్ వచ్చి డ్రాగన్ల జోరు ఆపింది, స్టీల్‌కు అప్పటిదాక ఉన్న ఘోస్ట్, డార్క్ రక్షణ తీసేసిండ్రు. 2022 జనవరిల లెజెండ్స్ ఆర్సియస్‌ల కొట్లాట లేకుంటనే మైదానంల నక్కి నక్కి బాల్ విసిరి పట్టే పద్ధతి. 2025 అక్టోబర్‌ల వచ్చిన లెజెండ్స్ జెడ్-ఏల టర్న్‌లే లేవు, కొట్లాట అప్పటికప్పుడు నడుస్తది. అదే ఆట అనేటోళ్లకు వరుసగ రూబీ ఒక గంట, ఆర్సియస్ ఒక గంట ఇచ్చి చూడుండ్రి.

కృష్ణ_గట్టు

తమ్ముడూ, ఇద్దరూ బాగా రాశారు. కానీ ఆటను నిలబెట్టాలంటే విమర్శల్లో నిజమైనవి ముందు ఒప్పుకోవాలి, లేకపోతే మిగతా మాట కూడా ఎవరూ వినరు.

స్కార్లెట్, వయొలెట్ మీద చెప్పేది నిజం. 2022 నవంబర్ 18న వచ్చాయి, మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి, ఆ ఆట ఉన్న స్థితి మాత్రం అంత డబ్బు పెట్టినవాళ్లకు ఇవ్వదగ్గది కాదు. దూరంగా నడిచే మనుషులు ఆగి ఆగి కదలడం, పోకెమాన్లు పక్కనే ఉన్నట్టుండి ప్రత్యక్షం కావడం, కొట్లాటలో కెమెరా నేల కిందికి దిగిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. ఆట అమ్మే కంపెనీ నింటెండో డిసెంబర్‌లో ఇచ్చిన ప్యాచ్‌తో (సవరణతో) పాటే క్షమాపణ చెప్పింది. 2025 జూన్‌లో వాళ్ల కొత్త గేమ్ యంత్రం స్విచ్ 2 వచ్చాక ఉచిత అప్‌డేట్‌తో ఆ యంత్రం మీద సాఫీగా నడుస్తున్నాయి. పాత స్విచ్ మీద ఆడేవారికి తిప్పలు తప్పలేదు. దీన్ని సమర్థించొద్దు. మీవాళ్లు ఈ మాట అంటే అవునని చెప్పండి.

కథ తేలిక అన్నదీ నిజమే. ఎక్స్‌పీ షేర్ ఆపుకునే వీలు తీసేశారు, గెలిచిన ప్రతిసారీ ఆరిటికీ అనుభవం పడుతుంది, జిమ్ చేరేసరికి మన లెవెల్ దాటిపోయి ఉంటుంది. ఇదివరకు సెట్ మోడ్ అని ఉండేది, ఎదుటివాళ్ల పోకెమాన్ పడిపోయాక కొత్తది దిగేముందు మనకు మార్చుకునే అవకాశం ఇచ్చేది కాదు. స్కార్లెట్‌లో ఆ ఎంపికే లేదు. చేతనైన పని ఏమంటే, మార్చమంటావా అని అడిగినప్పుడల్లా వద్దనే నొక్కడం, కొట్లాట మధ్యలో మందులు వాడకపోవడం, జిమ్ నాయకుడి కన్నా లెవెల్ పెరిగినవాటిని పెట్టెలో పెట్టడం. ఇంకా గట్టిగా కావాలంటే నజ్‌లాక్ నియమాలు: ఒక్కో దారిలో మొదట ఎదురైన దాన్నే పట్టాలి, స్పృహ తప్పిందంటే ఇక దాన్ని వాడకూడదు. పాత ఎమరాల్డ్ ఆటలో ఈ నియమాలతో ఆడితే జిమ్ గుమ్మం ముందు నిలబడి లెక్కలు వేసుకోక తప్పదు. కంపెనీ వాళ్లే కష్టంగా చేసింది చూడాలంటే 2023 డిసెంబర్‌లో స్కార్లెట్, వయొలెట్‌కు అదనపు భాగంగా వచ్చిన ఇండిగో డిస్క్. అందులో ట్రైనర్లందరితోనూ డబుల్సే, ఎలైట్ ఫోర్ (చాంపియన్ కన్నా ముందు ఎదురయ్యే నలుగురు) దగ్గరికి వచ్చేసరికి పాలమూరు గారు చెప్పిన ఆలోచన కథలోనే అవసరమవుతుంది.

ఇక పెద్దవాళ్ల మాట. కోడిపందెం అంటే మన దగ్గర వాళ్లకు కళ్లెదుట కనిపించే సంగతి: కాలికి కత్తి, చావు, పందెం డబ్బు. వాళ్ల బాధ అర్థం లేనిది కాదు, వాళ్లను కసురుకోవద్దు. ఆటలో చావు దాకా పోదు, హెచ్‌పీ సున్నా అయితే స్పృహ తప్పుతుంది, పోకెమాన్ సెంటర్లో రూపాయి తీసుకోకుండా బాగుచేస్తారు. ఓడిన ట్రైనర్ డబ్బు ఇవ్వడం మాత్రం ఉంది, అది దాచొద్దు. తొలి ఆటల్లో స్లాట్ మెషిన్లున్న గేమ్ కార్నర్ కూడా ఉండేది, తర్వాత తీసేశారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది 2010లో వచ్చిన బ్లాక్, వైట్. పోకెమాన్లను పట్టి కొట్లాడించడం తప్పు కదా, వదిలిపెట్టాలి కదా అని అడిగేది ఆ ఆటలోని టీమ్ ప్లాస్మానే. ఎన్ అనే కుర్రవాడు పోకెమాన్ల మాట వినగలడు, ఆ మాట నమ్మి మనతో పోరాడతాడు. అతన్ని ఉత్త దుర్మార్గుడిలా చూపించలేదు, అతని ప్రశ్నకు విలువ ఇచ్చారు, కథంతా దాని చుట్టే తిరుగుతుంది. 2012లో జంతు హక్కుల సంస్థ పెటా ఈ ఆటను తిడుతూ ఒక వెక్కిరింపు ఆట పెట్టింది, కానీ ఆ ప్రశ్నను రెండేళ్ల ముందే ఆటే తనను తాను అడుక్కుంది. ఏ కథ తన పునాదినే ఇలా నిలదీస్తుంది? ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాలంటే ఎన్ మాట్లాడే చోట్లు చూపించండి, అనువదించి చెప్పండి. ఆటలో తెలుగు లేదు కాబట్టి పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

ఫిట్స్ వస్తాయన్న భయం ఎవరికైనా ఉంటే, అది ఆట వల్ల జరిగింది కాదు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో టీవీ కార్టూన్ ఒక భాగంలో ఎరుపు, నీలం వెలుగులు గబగబా మారడంతో వందల మంది పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్లారు. వెలుగు మిటకరింపుకు మూర్ఛ వచ్చే పిల్లలుంటే ఏ తెర ముందైనా జాగ్రత్తే, అది డాక్టర్‌ను అడగాలి.

క్లాక్‌టవర్_నల్లగొండ

అన్నా, అక్కా, మస్తు సమాచారం ఇచ్చిండ్రు. రెండు అడుగుత. హాస్టల్ల స్విచ్ ఎవరి దగ్గర లేదు, వాళ్లకు ఆ డబుల్స్ ఎట్ల చూపించాలె? ఇంకోటి, మా కజిన్ స్విచ్ తెప్పించుకున్నడు, వాని గార్చాంప్ లెవెల్ 50 అయినా స్పీడ్ 169 వస్తలేదు, చానా తక్కువ చూపిస్తుంది. ఎక్కడ తప్పు?

పాలమూరు_డబుల్స్

చూపించుడుకు షోడౌన్ అనే సైట్ చాలు. ఫోన్ బ్రౌజర్ల తెరుచుకుంటది, పైసలు లేవు, డేటా కూడ ఎక్కువ గుంజది. ముందుగాల టీమ్ కట్టుమనకు, అక్కడనే అలసిపోతరు. రాండమ్ డబుల్స్ అని ఉంటది, టీమ్ అదే ఇస్తది. మూవ్ మీద వేలు ఒత్తి పట్టుకుంటే పవర్, గురి, అది చేసే పని కనిపిస్తయి. పోకెమాన్ మీద ఒత్తితే ఎదుటోని స్పీడ్ ఎంత నుంచి ఎంత దాక ఉండొచ్చో చూపిస్తది. మొదటి ఆట ఓడిపోతరు. రీప్లే తెరిచి ఎవరు ముందు కదిలిండ్రు, ఎందుకు కదిలిండ్రు అని టర్న్‌కు టర్న్ అడుగు. బస్సుల ఆడకుండ్రి, సిగ్నల్ పోయినా టైమర్ ఆగది.

మీ కజిన్ గార్చాంప్ సంగతి: కథ ఆడినప్పుడు దొరికిన ఈవీలు చిల్లర చిల్లరగ అన్నిట్ల పడి ఉంటయి. ఎవరిని పడగొట్టినా ఆరిటికీ పడ్తయి, 510 నిండినంక స్పీడ్‌ల పోద్దామంటే జాగ ఉండది. విటమిన్ తినిపిస్తే పనిచేయదు అంటది, అందరు అక్కడనే ఆగిపోతరు. ముందు ఖాళీ చెయ్యాలె. కిటకామి డీఎల్‌సీ (విడిగ కొనుక్కునే అదనపు భాగం) ఉంటే ఫ్రెష్ స్టార్ట్ మోచి ఒక్కటి తినిపిస్తే మొత్తం సున్నా. లేకుంటే పండ్లు: హెచ్‌పీకి పోమెగ్, అటాక్‌కు కెల్ప్సీ, డిఫెన్స్‌కు క్వాలట్, స్పెషల్ అటాక్‌కు హాండ్యూ, స్పెషల్ డిఫెన్స్‌కు గ్రేపా, స్పీడ్‌కు టమాటో. పండుకు పది తగ్గుతయి.

తర్వాత నింపుడు. విటమిన్ ఒక్కటి పది ఈవీలు, ధర ఆటల డబ్బుల 10,000. 252కు 26 కావాలె, 25 తోటి 250ల ఆగిపోతది. అటాక్, స్పీడ్ రెండిటికి 52, అంటే 5,20,000. అన్ని డబ్బులు లేకుంటే స్పీడ్‌కు పవర్ యాంక్లెట్ చేతికిచ్చి, ఒక స్పీడ్ పాయింట్ ఇచ్చే దాన్ని పడగొట్టాలె: ఒకటికి ఎనిమిది కలిసి తొమ్మిది, 28 సార్లు పడగొడితే సరిగ్గ 252. అటాక్‌కు పవర్ బ్రేసర్, పద్ధతి అదే. పవర్ వస్తువు పట్టుకున్న దానికే ఆ ఎనిమిది, మిగతా ఐదిటికి ఒక్కొక్కటే పడ్తది, అట్ల వాటి లెక్క చెడగొట్టుకోకుండ్రి, పెట్టెల పెట్టుండ్రి. నేచర్ జాలీ కాకుంటే జాలీ మింట్ 20,000. ఐవీ 31 లేకుంటే లెవెల్ 50 చేరినంక ఆటల మోంటెనెవెరా అనే ఊర్ల బాటిల్ క్యాప్ ఇచ్చి హైపర్ ట్రెయినింగ్ చేయించాలె, ఒక్క స్టాట్‌కు ఒక్క క్యాప్, అదీ 20,000.

మూసీ_ఒడ్డు

ఒక్కటి కలుపుత. ట్రిక్ రూమ్ టీమ్ కట్టేటోళ్లు ఇదే పద్ధతి పట్టుకుని తప్పు చేస్తరు. ట్రిక్ రూమ్‌ల నెమ్మదిగున్నదే ముందు కదుల్తది. టోర్కోల్ బేస్ స్పీడ్ 20. ఐవీ 31 ఉంటే లెవెల్ 50ల 40, ఐవీ సున్నా, స్పీడ్ తగ్గించే క్వయట్ నేచర్ అయితే 22. హైపర్ ట్రెయినింగ్ పెంచుడే గని తగ్గించుడు రాదు, కాబట్టి ఐవీ సున్నా ఉన్నదాన్ని పట్టుకోవాలె, లేకుంటే గుడ్లు పొదిగించాలె. స్పీడ్‌ల క్యాప్ పొరపాటున వాడితే మళ్ల మొదటికే.

క్లాక్‌టవర్_నల్లగొండ

షోడౌన్‌ల ట్రిక్ రూమ్ 5 టర్న్‌లు అని రాసి ఉంది గని ఆడితే నాలుగే వస్తున్నయి. నేను లెక్క తప్పుతున్ననా?

పాలమూరు_డబుల్స్

లేదు, సరిగ్గనే ఉంది. వేసిన టర్న్ కూడ ఐదిట్ల ఒకటి. ట్రిక్ రూమ్ ప్రయారిటీ -7, ఆ టర్న్‌ల అందరికంటే చివరికి పడ్తది, కాబట్టి నీకు పనికొచ్చేది నాలుగు. టెయిల్‌విండ్ నాలుగు టర్న్‌లు, గని ముందుగాల పడ్తది గన్క వేసిన టర్న్‌ల కూడ లాభమే. ఎదుటోడు ట్రిక్ రూమ్ వేస్తే ప్రొటెక్ట్‌లు, మార్పిడిలతోటి ఆ నాలుగు గడిపేయొచ్చు, లేకుంటే నువ్వు కూడ ట్రిక్ రూమ్ వేస్తే అది రద్దయితది. ఫేక్ ఔట్ లాంటి ప్రయారిటీ మూవ్‌లను ట్రిక్ రూమ్ తిరగెయ్యది, అవి ఎప్పటిలాగనే ముందు. నీ రీప్లే పెట్టు, ఎక్కడ టర్న్ పోయిందో చూద్దాం.